గూడెము గడపకు వైద్యము: గడ్చిరోలి అనుభవము

గ్రామారోగ్యమును గూర్చి పంచాయతీ సమావేశములలో చర్చ వచ్చినపుడు మన సభ్యులు సాధారణముగా కోరునవి మూడు: ఆసుపత్రి భవనము, అందొక డాక్టరు, అచటికి పోవుటకు రోడ్డు. ఈ మూడును కావలసినవే. కాని ఈ మూడును సమకూరిన పిదప కూడ కొండమీది గూడెమునందు, అడవిలోని పెంటయందు, ఊరికి దూరముగా నున్న తండాయందు పసిబిడ్డలు ఏల మరణించుచున్నారను ప్రశ్న మిగిలియే యుండును. మైదాన ప్రాంతములలో 5,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రము, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 3,000 జనాభాకే ఒకటి ఉండవలెనని నియమము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మైదానమున 30,000, గిరిజన ప్రాంతమున 20,000. దూరమును దృష్టియందుంచుకొని చేసిన సడలింపు ఇది. అయినను శ్రావణమాసమున వాగు పొంగినపుడు మూడు మైళ్ల దారి ముప్పది మైళ్ల దారి యగును. దీనికంటె దాటుటకు కష్టమైన దూరము మరియొకటి గలదు. అది వైద్యము చేయువారికిని చేయించుకొనువారికిని నడుమ నున్న దూరము. మేము ఈ వ్యాసమున ప్రధానముగా ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

ఇందుకు మేము ఎన్నుకొన్న ఉదాహరణము మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అది మనకు పరాయి సీమ కాదు. కాళేశ్వరమున నిలిచి నది ఆవలి యొడ్డు చూచినచో కనబడునది ఆ జిల్లాలోని సిరొంచ తాలూకాయే. అచట తెలుగు మాటలాడువారు పెక్కురు గలరు. 1982లో చంద్రపూర్ జిల్లానుండి విడదీయబడిన ఈ జిల్లాలో అడవి మిక్కుటము. గోండులు, మాడియాలు ముఖ్యమైన గిరిజనులు. వరిసాగు, అడవిలో ఇప్పపువ్వు, తునికాకు సేకరణ, వానకాలమున తెగిపోవు దారులు, మలేరియా - ఈ వర్ణన చదివిన ఉట్నూరు వారికిని, భద్రాచలము, రంపచోడవరము, పాడేరు ప్రాంతముల వారికిని తమ యూరిని గూర్చియే చెప్పుచున్నట్లు తోచవచ్చును.

1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అను దంపతులు ఈ జిల్లాకు వచ్చి 'సెర్చ్' అను సంస్థను నెలకొల్పిరి. నాగపూరులో వైద్యవిద్యయు, అమెరికాలో ప్రజారోగ్య శాస్త్రమును అభ్యసించినవారు వారు. వారి పనిలో మన పంచాయతీలకు పనికివచ్చు అంశములను మాత్రమే ఇచట పేర్కొందుము.

మొదటి దినములలో వారు గిరిజనుల రక్తమును పరీక్షించి అందు సికిల్ సెల్ వ్యాధి యున్నదని కనుగొనిరి. ఈ వ్యాధిలో ఎఱ్ఱ రక్తకణములు కొడవలి వలె వంగిపోవును, రక్తము తగ్గును, కీళ్లు, ఎముకలు భరింపరాని నొప్పి పెట్టును. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించు వ్యాధి యిది. శాస్త్రదృష్టిలో అది గొప్ప విషయమే. కాని గ్రామములలో దానికి స్పందన కానరాలేదు. డాక్టరు అడిగినాడు గనుక రక్తమిచ్చిరే గాని, అది వారు తమంతట తాము చెప్పుకొన్న బాధ కాదు. దీనినుండి ఆ దంపతులు గ్రహించిన దేమనగా, ఏ వ్యాధిపై పని చేయవలెనో ముందుగా ప్రజలనే అడుగవలెనని. ఈ ముచ్చట నేడు మనకును అవసరము. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములలో 40 ఏండ్ల లోపు వారికి ఈ వ్యాధి పరీక్షలు జరుగుచున్నవి. మంచి కార్యక్రమము. అయితే పరీక్షకు వచ్చువారు సూదితో పాటు మాటను కూడ తీసికొని రావలెను. రక్తమెందులకు తీయుచున్నారో, చేతికిచ్చిన కార్డునకు అర్థమేమో, పెండ్లి సంబంధము చూచునపుడు అది ఎట్లు ఉపయోగపడునో ఆ గూడెపు భాషలో చెప్పించుట పంచాయతీ సభ్యుడు చేయదగిన పని. చెప్పనిచో ఆ కార్డు చూరులో చెక్కబడి యుండును. అంతకంటె ఏమియు జరుగదు.

అడుగనారంభించిన పిదప ఎట్టి జవాబులు వచ్చెనో చూడుడు. సర్కారు ఆసుపత్రికి ఏల పోరని గోండులను అడుగగా, వారు భయమని చెప్పిరి. అంత పెద్ద భవనములో దారి తెలియదు. రోగితో బంధువులను ఉండనీయరు. డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు కట్టుకొందురు. మా కులములో చనిపోయినవారికి కప్పునది తెల్లబట్ట. ప్రేతవస్త్రము ధరించినవారు ప్రాణమెట్లు నిలిపెదరని వారి ప్రశ్న. దీనిని మూఢత్వమని నవ్వి త్రోసివేయుట సులభము. బంగ్ దంపతులు అట్లు చేయలేదు. గోండు పల్లె వలె కుటీరముల రూపమున ఆసుపత్రిని నిర్మించిరి. రోగితో చుట్టములుండుటకు వీలు కల్పించిరి. దానికి గిరిజనుల యిలవేలుపు దంతేశ్వరీ మాత పేరు పెట్టిరి. ఈ మార్పులలో వైద్యశాస్త్రమునకు విరుద్ధమైనది ఒక్కటియు లేదు. ఖర్చు కూడ పెద్ద భవనము కంటె తక్కువయే.

స్త్రీలను అడుగుటకు స్త్రీయే కావలెను. డాక్టర్ రాణీ బంగ్ రెండు గ్రామములలోని స్త్రీలను పరీక్షించి 1989లో ప్రకటించిన వివరములు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. నూటికి 92 మందికి స్త్రీ సంబంధమైన ఏదో యొక వ్యాధి కలదు. వారిలో అంతకుముందు ఎన్నడైనను వైద్య పరీక్ష జరిగినవారు నూటికి 8 మందియే. ఆ వ్యాధుల బాధను వారు ఏండ్ల తరబడి మౌనముగా భరించిరి. మన గ్రామసభలలో మగవారే మాటలాడి, ఆడవారు వెనుక వరుసలో ముసుగు సవరించుకొని కూర్చున్నచో, మన గ్రామమున ఏ వ్యాధులున్నవో మనకు సగమే తెలిసినట్లు.

గ్రామస్థులు చెప్పిన బాధలలో సారాయి యొకటి. దానిని రోగముగా డాక్టర్లు లెక్కింపరు. కాని కూలి డబ్బు దుకాణమున పోయిన యింట బిడ్డకు గంజి యుండదు. 1988 ప్రాంతమున మొదలైన ప్రజోద్యమము ఫలితముగా 1993లో గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధము విధింపబడెను. ఆ దినములలోనే నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము మన పెద్దలకు జ్ఞాపకముండును. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకు ఈ విషయమున చట్టబలము కూడ గలదు. 1996 నాటి 'పెసా' చట్టము మాదకద్రవ్యముల అమ్మకమును నిషేధించుటకు గాని, క్రమబద్ధము చేయుటకు గాని గ్రామసభకును పంచాయతీకిని అధికారముండవలెనని చెప్పుచున్నది.

ఇక శిశు మరణముల సంగతి. మేము ఈ భాగమున కొంచెము నిదానింతుము; ఏలయన ఇచటనే పంచాయతీ చేయగలది ఎక్కువ గలదు.

ఆ కాలమున గడ్చిరోలి గ్రామములలో పసిపిల్లలను ఎక్కువగా బలిగొన్న వ్యాధులలో న్యుమోనియా ముఖ్యమైనది. దగ్గు, జ్వరముతో పాటు శ్వాస వేగమగుట దీని గుర్తు. నిముషమునకు ఎన్ని మారులు ఊపిరి తీయుచున్నదో లెక్కించినచో సామాన్యమైన జలుబేదో, న్యుమోనియా ఏదో చాలవరకు తెలిసికొనవచ్చును. రెండు మాసముల లోపు బిడ్డకు 60, అంతకు పైబడి ఏడాది లోపు బిడ్డకు 50 దాటినచో అపాయము. గ్రామమున బిడ్డల వద్ద నుండునది మంత్రసాని. ఆమెకు నేర్పవచ్చును గదా? కాని ఆమెకు చదువు రాదు. 50 వరకు లెక్క రాదు. చేతికి గడియారము లేదు. ఇట్టి చోట మనమైనచో "అర్హతగల అభ్యర్థులు లేరు" అని ఫైలు మూసియుందుము. వారు ఒక చిన్న చెక్కపలకను తయారు చేసిరి. అందు ఒక నిముషములో ఇసుక జారిపోవు గాజుబుడ్డి, దాని ప్రక్క తీగకు గ్రుచ్చిన రంగు పూసలు. పది శ్వాసలు లెక్కించి ఒక పూసను జరుపవలెను. ఇసుక పూర్తిగా జారకమునుపే ఎఱ్ఱపూస జరిగినచో అది న్యుమోనియా, మందు మొదలిడవలెను. పదివరకు లెక్కింప రానివారెవరు? 1990లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, గ్రామస్థులకే శిక్షణ నిచ్చి వైద్యము చేయించిన గ్రామములలో న్యుమోనియా వలన మరణములు 1,000 మంది పిల్లలకు 8.1, ఆ యేర్పాటు లేని గ్రామములలో 17.5.

అయినను నెల దాటని పసిగుడ్ల మరణములు మిగిలినవి. శిశు మరణములలో పెద్ద భాగము పుట్టిన మొదటి నెలలోనే, అందును మొదటి వారముననే జరుగును. ఆ దినములలో పురుళ్లు చాలవరకు ఇండ్లలోనే. పుట్టగానే ఊపిరి పీల్చని బిడ్డ, చలికి వడలిపోవు బిడ్డ, బరువు తక్కువైన బిడ్డ, రక్తములో క్రిములు చేరి పాలు మాని సోలిపోవు బిడ్డ - వీరిని పట్టణమునకు చేర్చులోపల అంతయు అయిపోవును. బాలెంతరాలిని, బిడ్డను గడప దాటనీయని ఆచారము చాల కులములలో గలదు. కావున బిడ్డ రానిచో వైద్యమే బిడ్డ కడకు పోవలెనని వారు నిశ్చయించిరి. 39 గ్రామములలో, ఆ యూరి స్త్రీలనే, కొలది తరగతులు చదివినవారిని ఎన్నుకొని 'ఆరోగ్యదూత'లుగా తయారు చేసిరి. పురిటి సమయమున మంత్రసాని తల్లిని చూచుకొనును. ఆరోగ్యదూత బిడ్డను చూచుకొనును. మంత్రసానిని తొలగింపలేదు, అవమానింపలేదు. ఆరోగ్యదూత ఊపిరి తీయని బిడ్డకు గాలి అందించును, బరువు తూచును, ఒడలి వేడి చూచును, వెచ్చని సంచిలో పరుండబెట్టును, తల్లిపాలు పట్టించును, క్రిమిదోషము సోకినదని గుర్తించినచో మందు త్రాగించి సూది కూడ వేయును. నెల రోజులలో పలుమార్లు ఇంటికి పోయి చూచును. పదునైదు దినములకొకసారి పర్యవేక్షకుడు వచ్చి ఆమె పనిని సరిచూచును.

ఫలితము 1999లో 'లాన్సెట్'లో ప్రకటితమాయెను. పథకమునకు ముందు ఆ గ్రామములలో 1,000 జననములకు 62 మంది నెల లోపున మరణించుచుండిరి. 1997-98 నాటికి ఆ సంఖ్య 25.5కు దిగెను. క్రిమిదోషము సోకిన బిడ్డలలో పూర్వము నూటికి 16.6 మంది మరణించుచుండగా, ఆరోగ్యదూతలు వైద్యము చేయసాగిన పిదప 2.8కి తగ్గెను. అచట ఈ కాలమున క్రొత్త ఆసుపత్రి వెలసియుండలేదు, పెద్ద రోడ్లు పడియుండలేదు. ఇంటింటికి పోవు ఒక స్త్రీ వలననే ఇంత మార్పు కలిగెను. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫ్‌యు నవజాత శిశువులను ఇంటికి పోయి చూచు పద్ధతిని సిఫారసు చేసినవి. 2011లో భారత ప్రభుత్వము ఈ పనిని ఆశా కార్యకర్తలకు అప్పగించెను. నేడు మీ యూరి ఆశా కార్యకర్త పురుడు ఆసుపత్రిలో జరిగినచో 3, 7, 14, 21, 28, 42వ దినములలోను, ఇంటిలో జరిగినచో మొదటి దినమున కూడ బిడ్డను చూడవలసియున్నది. ఆ నియమమునకు మూలము మన పొరుగు జిల్లాయే.

అయితే ఇచట ఒక మాట చెప్పక తప్పదు. గడ్చిరోలి ఆరోగ్యదూత వెనుక క్రమము తప్పని పర్యవేక్షణ, తరుగని మందుల సరఫరా, అవసరమైనపుడు డాక్టరు ఉండెను. అవి లేనిచో పథకము పేరు మిగులును, ఫలము మిగులదు. మన ఆశా కార్యకర్త సూదిమందు వేయదు. ఆసుపత్రికి చేర్చుటకు వీలులేని పరిస్థితిలో ఎ.ఎన్.ఎం. వేయవచ్చునని 2014 నాటి కేంద్ర మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాబట్టి ఆశా కార్యకర్త సంచిలో తూనిక, ధర్మామీటరు పనిచేయుచున్నవా, ఎ.ఎన్.ఎం. గూడెమునకు నెలకు ఎన్నిసార్లు వచ్చుచున్నది అని సర్పంచి అడుగుట నింద కాదు. అది ఆయన విధి.

డాక్టర్ అభయ్ బంగ్ ఒక సంగతిని పలుమారు చెప్పియున్నారు. వానకాలపు రాత్రి యొక బిడ్డను కొనయూపిరితో ఆయన యింటికి తెచ్చిరి. చూచుచుండగానే ప్రాణము పోయెను. తరువాత తల్లిని విచారించి ఆయన ఆ మరణమునకు 18 కారణములు లెక్కించిరి. పేదరికము, గర్భిణీ దశలో చాలని తిండి, మలేరియా, ఇంటిలో త్రాగుడు, నీళ్లు కలిపిన పాలు, మంత్రగాని కడ జాగు, దాటరాని వాగు వంటివి ఆ గొలుసులోని కొక్కెములు. ఆయన గమనించిన దేమనగా, 18 కొక్కెములను తెగగొట్టనవసరము లేదు. ఏ ఒక్కటి తెగినను ఆ బిడ్డ బ్రదికియుండెడిది. పై కారణములను మరల చదువుడు. అందు డాక్టరు చేతిలో నున్నవెన్ని, పంచాయతీ చేతిలో నున్నవెన్ని? దోమలు పెరుగు మురికిగుంట, త్రాగునీటి బావి, వాగుపై కాలివంతెన, సారాయి దుకాణము - ఇవన్నియు మన పద్దులే. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందిన 29 విషయములలో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము చేరియున్నవి.

పని యెచట మొదలిడవలెను? మా యభిప్రాయమున లెక్కతో. ఒక ఊహాపంచాయతీని తీసికొందము. ఏటా 60 కాన్పులు. ముగ్గురు శిశువులు మరణించిరి. అనగా 1,000కి 50. ఊరి పెద్దలు "పరవాలేదు, పూర్వము కంటె మేలే" యందురు. ఇప్పుడు విడదీసి చూతము. పెద్ద ఊరిలో 48 కాన్పులు, ఒక మరణము; 1,000కి 21. కొండపై గూడెములో 12 కాన్పులు, రెండు మరణములు, 1,000కి 167. మొత్తపు లెక్కలో గూడెము మునిగిపోయినది. చిన్న సంఖ్యలు గనుక ఒక యేటి లెక్కతో తీర్పు చెప్పరాదు. ఐదేండ్ల లెక్క తీసినచో నిజము తేలును. పుట్టి గంటలలో పోయిన బిడ్డకు చాలచోట్ల జననమును నమోదు కాదు, మరణమును నమోదు కాదు. రెండును 21 దినములలో వ్రాయించవలెనని 1969 నాటి చట్టమున్నను. ఈ బిడ్డల సంగతి రిజిస్టరును అడిగిన తెలియదు, మంత్రసానిని అడిగిన తెలియును. అయితే ఆమె చెప్పవలెనన్నచో, చెప్పినందుకు కేసు పెట్టరను నమ్మకము ముందుగా ఆమెకు కలుగవలెను.

రెండవది, ఆశా కార్యకర్త ఎంపిక. అది గ్రామసభ చేయవలసిన పని. పెద్ద ఊరిలో పదవ తరగతి చదివిన కోడలు దొరకును, గూడెములో దొరకదు. తగిన చదువుగలవారు లేనిచోట విద్యార్హతను సడలించుటకు నిబంధనలు అనుమతించుచున్నవి. గిరిజన ప్రాంతములలో 1,000 జనాభా లేకున్నను ఒక్కొక్క గూడెమునకు ఒక్కొక్కరిని నియమింపవచ్చును. గోండి, కోయ, సవర, కువి భాషలు మాటలాడు గూడెమునకు ఆ భాష తెలియని కార్యకర్తను పంపి, "వారు వినరండీ" యనుకొనుటలో న్యాయము లేదు. పది వరకు లెక్కింపగల మంత్రసాని ఎంత చేయగలిగెనో పైన చూచితిమి.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు ఏటా 10,000 రూపాయల వరకు ఏ పద్దునకును ముడిపెట్టని నిధి కేంద్ర మార్గదర్శకములలో గలదు. చాల గ్రామములలో అది పెద్ద ఊరి వీధులలో సున్నము చల్లుటతో ముగియును. అదే సొమ్ములో కొంత గూడెమునుండి గర్భిణిని దింపుటకు జీపు కిరాయిగా నిలువ యుంచినచో ఒక ప్రాణము దక్కవచ్చును. బైకు అంబులెన్సు రాలేని చోట నేటికిని డోలీయే శరణ్యము. డోలీ మోయువారు నలుగురు ఆ దినమున కూలి పోగొట్టుకొందురను సంగతి ఏ పద్దులోను కానరాదు. పంచాయతీ దానిని చూడవలెను.

గ్రామసభను సంవత్సరమునకు ఒక్కసారియైనను గూడెములోనే పెట్టుడు. పెద్ద ఊరి పంచాయతీ ఆఫీసు మెట్లపై గూడెపు స్త్రీ నోరు విప్పదు. ఆమె యింటి ముందు చింతచెట్టు క్రింద విప్పును. పోవునపుడు కొండపోడు పనులు, ఇప్పపువ్వు ఏరు దినములు, పండుగలు కానట్టి వేళ చూచుకొనుడు. దిసారిని, వెజ్జును కూడ పిలువుడు. జ్వరము వచ్చిన వానిని తొలుత చూచువాడు అతడే. "నీ పూజ నీవు చేయుము, పసిబిడ్డ పాలు మానినను, ఊపిరి ఎగబోసినను ఆ దినముననే ఆశా అమ్మకు కబురు పెట్టుము" అని అతనితో ఒడంబడిక చేసికొన్నచో, అతనిని తిట్టి శత్రువును చేసికొనుట కంటె బిడ్డలకు మేలు.

వర్షములు మొదలగుటకు ముందు, అనగా వైశాఖమాసపు సమావేశముననే, ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు ప్రసవించవలసిన గర్భిణుల జాబితాను గూడెముల వారీగా ఆశా కార్యకర్త చేత చదివించుడు. ఒక్కొక్క పేరునకు ఎదుట మూడు సంగతులు వ్రాయుడు: ఏ వాగు దాటవలెను, ఎవరు తోడు వత్తురు, నెలలు నిండినపుడు ఎచట ఉంచవలెను. కొన్ని ఏజెన్సీ ప్రాంతములలో ప్రసవమునకు ముందుగా వచ్చి యుండుటకు గర్భిణులకు వసతి గృహములు గలవు. అవి దూరమైనచో దిగువ ఊరిలో ఏ బంధువుల యింట గాని, ఖాళీగా నున్న ఏ సర్కారు గదిలో గాని పది దినముల బస యేర్పాటు చేయవచ్చును. తోడుగా అత్తయో తల్లియో ఉండుటకును, వారి వంట వారు చేసికొనుటకును వీలుండవలెను. ఆ జాబితా ప్రతి యొకటి సర్పంచి వద్ద, ఒకటి ఎ.ఎన్.ఎం. వద్ద, ఒకటి ఆ గూడెపు వార్డు సభ్యుని వద్ద ఉండునట్లు చూడుడు.